పసుపు బోర్డు ఉందని మా అయ్య చెప్పిన రోజు

మా చిన్నప్పుడు... బడికి ఆలస్యమైతే "ఏనుగులు అడ్డొచ్చాయండీ" అంటే టీచరుగారు నమ్మేసేవారు. ఒడిశా సరిహద్దులో కొండల కింద మా ఊరు. ఊరికీ బడికీ మధ్య రైలు పట్టాలు. కొండ దిగిన ఏనుగులు ఆ పట్టాలు దాటి, అవతలున్న గెడ్డకి, అంటే వాగుకి, నీళ్లకు వెళ్లేవి.

మా అయ్య రైల్వేలో గ్యాంగ్‌మేన్. సుత్తి భుజాన వేసుకుని రోజూ పట్టాల వెంట నడిచేవాడు. సెలవు రోజుల్లో నన్నూ తీసుకెళ్లేవాడు. మలుపులో ఏనుగు లద్దె కనిపిస్తే చెయ్యి పెట్టి వేడి చూసేవాడు... "గుంటా, ఇప్పుడే దాటినాయి. బేగి నడు" అనేవాడు.

ఆ మలుపులో డ్రైవరుకి ఎదుట ఏముందో కనిపించదు. అయ్య పై సార్లకి ఎన్నిసార్లు చెప్పుకున్నాడో... చివరికి రైళ్లు నెమ్మదిగా పోవాలని ఒక పసుపు బోర్డు పాతారు. ఏనుగులు కూడా అలవాటు పడ్డాయి. కూత విన్నా బెదరకుండా తాపీగా దాటేవి. ఒక గున్న ఏనుగు తల్లి తోక పట్టుకుని నడుస్తుంటే గట్టు మీద నించుని చూసేవాళ్లం.

ఒక వానాకాలం ఆ బోర్డు పీకేశారు. రైళ్లు లేటవుతున్నాయట.

"మనుసులకైతే సెప్తాం... ఆటికెవులు సెప్తారు?" అన్నాడు అయ్య, అన్నం కలుపుతూ. ఆ పూట సరిగా తినలేదు.

నాలుగో రోజు పొద్దున్నే బడికి వెళ్తున్నాం. గూడ్సు బండి మలుపు తిరిగింది. గున్న దాటేసింది. తల్లి దాటలేదు... ఆ చప్పుడు గురించి రాయలేను. బండి చాలా దూరం వెళ్లి ఆగింది. డ్రైవరు దిగి పరుగున వచ్చి, ఏనుగు పక్కన చతికిలబడి ఏడ్చాడు. గున్న గెడ్డ అవతల నుంచి అరుస్తూనే ఉంది.

మధ్యాహ్నానికి బోర్డు మళ్లీ అక్కడే ఉంది. దాని కింద మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. రైల్వే పెద్దసారు ఒకాయన మా అయ్యను పక్కకు తీసుకెళ్లి, భుజం మీద చెయ్యి వేసి ఏదో మాట్లాడాడు.

తర్వాత ఫారెస్టు ఆఫీసరు వచ్చి అందరి ముందూ అడిగాడు.

"పొద్దున ఈ బోర్డు ఉందా?"

"లేదు సార్! దేవుడి మీద ఒట్టు" అన్నాడు డ్రైవరు. అని మా అయ్య వైపు చూశాడు.

"ఉందండి" అన్నాడు అయ్య. "ముందు నుంచీ ఉంది."

"అయ్యా! అబద్దం ఎందుకు సెప్తన్నావు?" అని అరిచాను.

నన్ను ఏనాడూ కొట్టని అయ్య ఆ రోజు చెంప మీద కొట్టాడు. "నువ్వేటి సూసేవే? ఇంటికి పో!"

డ్రైవరు ఉద్యోగం పోయిందని తర్వాత విన్నాం. మా అయ్య ఉద్యోగం ఉంది. "అది పోతే నువ్వు బడికెల్తావేటే?" అంది అమ్మ. ఆ జీతంతోనే చదువుకున్నాను... ఇప్పుడు అరకులో టీచర్ని.

పోయిన నెల ఇంటికి వెళ్లినప్పుడు, ఇన్నేళ్లకి ధైర్యం చేసి అడిగాను. "అయ్యా, ఆ డ్రైవరు తర్వాత ఏమయ్యాడో తెలుసా?"

అయ్య టీవీ మీంచి చూపు తిప్పలేదు. "ఏ డ్రైవరు?" అన్నాడు.

ఇప్పుడు మా ఊరి వైపు ఏనుగులు రావడం లేదు. రైళ్లు మాత్రం బాగా పెరిగాయి. అయ్య కోసం నెలనెలా మందులు తీసుకెళ్తాను, పక్కన కూర్చుంటాను... మాట్లాడటానికే ఏమీ ఉండదు.

మీరు ప్రాణంగా నమ్మిన మనిషి, చిన్నప్పుడు మీ కళ్ల ముందే అబద్ధమాడారా? తర్వాత మళ్లీ ఎలా నమ్మారు? తెలిస్తే కింద రాయండి... నాకింకా చేతకాలేదు.