అపశకునం అడిగిన సారు

మొన్న మా కోడలు ఇంట్లోంచే ఆఫీసు మీటింగులో ఉంది. అవతల మేనేజరు ఫలానా తేదీకల్లా పని అయిపోవాలన్నాడు, ఈ పిల్ల నవ్వుతూ సరేనంది, మైకు కట్టేశాక మాత్రం నా వైపు తిరిగి "అత్తయ్యా, యే హో హీ నహీ సక్తా!", ఇది అయ్యే పనే కాదని నెత్తి కొట్టుకుంది. ఆ మాట అతనితోనే అనొచ్చుగా తల్లీ అని నోటిదాకా వచ్చింది గానీ, అత్తగారి సలహా ఎవరిక్కావాలి?

నేను కాకినాడలో ఇంజినీరింగు ముగించుకొని, ఢిల్లీలో ప్రభుత్వ నిర్మాణ శాఖలో చేరిన కొత్తలో ఘాజియాబాద్ క్వార్టర్లకు నీటి పైపులు వేసే పని మా జట్టుకు అప్పగించారు. అందులో ఒక క్వార్టరు మా కాపురానికే వచ్చింది. చంకలో చంటిపిల్లాడు, ఉతకాల్సిన గుడ్డల గుట్ట, ట్యాంకరు దగ్గర బిందెల క్యూ. ఎండాకాలం లోపల కుళాయి రాకపోతే నా గతేమిటా అని ఒకటే గుబులు.

మా పాత అధికారి తేదీ తనే చెప్పేసేవారు, మేం ఆ తేదీ నుంచి వెనక్కి లెక్క కట్టుకొచ్చి ప్లాను గీసేవాళ్లం. చూడ్డానికి పెళ్లి శుభలేఖలా ముచ్చటగా ఉండేది, పని మాత్రం ముహూర్తానికి ఏనాడూ కాలేదు. ఆయన బదిలీ అయ్యాక, చలికాలంలో వచ్చిన పంజాబీ సారు పద్ధతే వేరు. తన అభిప్రాయం బయటపెట్టకుండా అందరికన్నా చిన్నవాళ్లను ముందు అడిగేవారు, అదీ "బోలో, క్యా బిగడేగా?" అని, అంటే ఏం చెడిపోతుందో చెప్పమని! శుభమా అని పని మొదలెడుతూ చెడు పలికితే మా నాయనమ్మ నెత్తిన మొట్టేది. ఆ ఇంట పెరిగిన నేను అంతా బాగానే అవుతుంది సార్ అన్నాను. ఆయన ఇంకొకర్ని అడగలేదు, నా వైపే చూస్తూ కూర్చున్నారు. చంటివాడి గుడ్డలు గుర్తొచ్చి ఎలాగైతేనేం నోరు విప్పాను: హోలీకి ఊరెళ్లే కూలీలు గోధుమ కోతలయ్యేదాకా తిరిగి రారని, ప్లానులో కందకాలు తవ్వే పనంతా సరిగ్గా అప్పుడే పడిందని. ఆ ప్లాను గీసిన సీనియరు మొహం గంటు పెట్టుకున్నారు. సారు మాత్రం "అచ్ఛా" అని తవ్వకాన్ని హోలీకి ముందుకు జరిపించారు, అందుకోసం గోడలకు రంగులు వేసే పని వెనక్కి నెట్టినందుకు పైవాళ్ల చివాట్లు తనొక్కరే తిన్నారు.

ఆ రోజు నుంచి మా మీటింగుల్లో అందరికీ నోళ్లు లేచాయి. మా ప్లాను కొట్టివేతలతో గజిబిజిగా తయారైంది, పని మాత్రం దాని ప్రకారమే సాగింది. ఎండలు ముదరకముందే మా వంటింటి కుళాయి బుస్సుమని కాసేపు తుప్పునీళ్లు కక్కి, ఆపైన తేటగా పారింది. సంతోషం పట్టలేక ఆ పూటే పిల్లవాడికి మళ్లీ స్నానం చేయించాను, వాడిదేమో ఒకటే ఏడుపు.

తర్వాత్తర్వాత నేనూ అధికారినయ్యాను, చిన్నవాళ్లను ముందు అడిగే అలవాటు నాకూ అబ్బింది, తృప్తిగానే రిటైరయ్యాను. ఇప్పటి పిల్లలు పై అధికారిని పేరు పెట్టి పిలుస్తారు, భుజం మీద చెయ్యి వేసి ఫొటోలు దిగుతారు. మేం సారు ఎదుట కుర్చీలో వెనక్కి వాలడానికే జంకేవాళ్లం. అయినా, ఇది కుదరదు సార్ అని మొహం మీద చెప్పే చనువు మాత్రం మాకే ఉండేదేమో.