కుడిచెయ్యి కోసం యాకుత్‌పురా దాకా

మా విహారంలో నిలబెట్టాల్సిన బుద్ధుడు ఏ చెయ్యి ఎత్తాలన్న తగాదా తేల్చుకోవడానికి ఏప్రిల్ చివరి ఆదివారం నేనూ ఎంకటయ్య బాపూ హైదరాబాదు బయల్దేరాం. తొంభైల దశకం ముగియవస్తున్న రోజులవి. షాద్‌నగర్‌లో మా కాలనీ వాళ్లం పదిహేను ఇళ్లు బౌద్ధం తీసుకుని, పైన రేకులు వేసి చిన్న విహారం కట్టుకున్నాం. వైశాఖ పున్నమికి విగ్రహం పెట్టాలి. పన్నెండు రోజులే ఉంది.

విగ్రహం సిమెంటుది. గుళ్లకు బొమ్మలు చేసే నర్సింలు చేశాడు. నమూనా ఇచ్చింది నేను. నాది సైకిల్ షాపు. బడి చదువు పదితో ఆగింది. మిగతాదంతా శాఖా గ్రంథాలయంలో సంపాదించుకున్నదే. అక్కడ బౌద్ధ శిల్పం మీదున్న పెద్ద పుస్తకం ఇంటికివ్వరు. అందుకని బొమ్మ మీద ట్రేసింగ్ కాగితం పరిచి పెన్సిలుతో గీసుకొచ్చాను. పని సగమయ్యాక వెళ్లి, విగ్రహాన్ని నర్సింలు చెక్క మీద దింపుకున్న గీతతో పోల్చి చూసి, అంతా పుస్తకంలో ఉన్నట్టే ఉందని కమిటీకి చెప్పాను. రైల్వే గేట్‌మన్‌గా రిటైరైన ఎంకటయ్య బాపు ఒక్కడే ఒప్పుకోలేదు. నాగపూర్‌లో తాను చూసిన బుద్ధుడు కుడిచెయ్యి ఎత్తాడన్నాడు. మా బుద్ధుడిది ఎడమచెయ్యి. పుస్తకం చూద్దామంటే అది బైండింగుకు పోయింది. సగం ఇళ్లు బాపు వైపు, సగం నా వైపు. ఇది తేలందే విగ్రహం నిలబెట్టొద్దన్నారు.

ఉదయం ఆరూ నలభైకి పాసింజర్ ఎక్కాం. మా ఎదుట కూరగాయల గంపతో ఒకామె కూర్చుంది. మా వాదన తిమ్మాపూర్ దాకా విని, "ఏ చెయ్యైతేంది బాపూ? మొక్కెటోని చేతులు రెండు గలిస్తే సాలదా?" అంది.

"గేటు కాడ తప్పు చెయ్యి ఊపితే బండి ఆగదు బిడ్డా," అన్నాడు బాపు. ఆమె నవ్వి, మాకు చెరొక దోసకాయ ఇచ్చింది.

ఎనిమిదిన్నరకు యాకుత్‌పురాలో దిగాం. స్టేషను బయటి హోటల్లో కిచిడీ, పుల్లటి ఖట్టా తిని, షేర్ ఆటోలో మూసీ ఒడ్డున ఉన్న మ్యూజియానికి వెళ్లాం. పది గంటలకు గాని తలుపులు తీయరు. శుక్రవారం సెలవని వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాలి. కెమెరాకు వేరే టికెట్టు. మా దగ్గర కెమెరా లేదు. జేబులో కాగితం, పెన్సిలు పెట్టుకున్నాను.

ముందు తూర్పు దేశాల గదులు చూశాం. జపాన్ వాళ్ల కొయ్య బుద్ధుడు, బర్మా తెల్లరాతి బుద్ధుడు, టిబెట్ వాళ్ల గుడ్డ మీది చిత్రాలు. చదివినవన్నీ కళ్ల ముందుంటే నోరు ఊరుకోలేదు. ఆ గుడ్డ చిత్రాలను చాపలా చుట్టి ప్రయాణాల్లో వెంట తీసుకెళ్తారనీ, బొమ్మ వెనక మంత్రాక్షరాలు రాశాకే అది పూజకు పనికొస్తుందనీ చెప్పాను. సింహళంలో విగ్రహానికి కళ్లు చివర దిద్దుతారు. శిల్పి ఎదురుగా నిలబడి చూడకూడదు. వీపు అటు పెట్టి, చేతిలోని అద్దంలో చూసుకుంటూ దిద్దుతాడు.

బాపు ఆగాడు. "అద్దంల కుడి ఎడమైతది గద? మరి ఆయన చెయ్యి తప్పదా?"

జవాబు చెప్పబోతుండగా బోర్డులు రాసేవాళ్లు అక్షరాలు దింపే పద్ధతి గుర్తొచ్చింది. పెన్సిలు గీసిన వైపు కింద పెట్టి, కాగితం వీపు మీద రుద్దుతారు. గీత చెక్కకు అంటుతుంది, కాని తిరగబడి అంటుతుంది. అందుకే అక్షరాలైతే ముందే తిరగేసి గీసుకుంటారు, నా బొమ్మను నేనలా గీయలేదు. నర్సింలు ఒకప్పుడు బోర్డులు రాసినవాడే. బాపుకు ఏమీ చెప్పకుండా కింది గదికి నడిచాను.

అక్కడ మన తెలుగు నేల తవ్వకాల్లో దొరికిన పాలరాతి బుద్ధుడు నిలబడి ఉన్నాడు. కుడి భుజం మీద వస్త్రం లేదు. ఎత్తింది కుడిచెయ్యే. మా సిమెంటు బుద్ధుడికి చెయ్యే కాదు, భుజం కూడా తప్పిందన్నమాట.

బాపు గెలిచానని అనలేదు. చెప్పులు విడిచి గోడ పక్కన పెట్టాడు. కాపలా ఉన్న అటెండరు, నెరిసిన గడ్డం ఆయన, దగ్గరికొచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను. "పోయినేడు బర్మా సాధువులు గూడ గిట్లనే విడిచిన్రు," అన్నాడు. వాళ్లు బోర్డులు చదవనేలేదట, ఊరికే నిలబడి చూశారట. అప్పుడప్పుడు ఎవరో పాదాల దగ్గర పూలు పెట్టి పోతారనీ, సాయంత్రం తానే తీస్తాననీ, చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పక మూసీలో వదులుతాననీ చెప్పాడు.

నేను కాగితం తీశాను. బొమ్మ గీయాలంటే పైనుంచి పర్మిషన్ కావాలన్నాడు. ఆదివారం ఆఫీసులో ఎవరూ లేరు.

"నీ కాగితం లోపల పెట్టు," అన్నాడు బాపు. వెళ్లి విగ్రహం పక్కన, అది చూస్తున్న వైపే ముఖం పెట్టి నిలబడ్డాడు. తల తిప్పి చూసుకుంటూ కుడిచెయ్యి ఎత్తాడు, ఎడమచేత్తో పైకండువా అంచు పట్టుకున్నాడు. అటెండరు ఒకడుగు వెనక్కి వేసి రెండింటినీ పోల్చాడు. "మోచెయ్యి జర కిందికి, బాపూ. ఆ, బస్."

ఆ గదిలో రాసి ఉన్న ప్రతి అక్షరం నేను చదివాను. విగ్రహం పక్కన నిలబడాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.

తిరుగు బండి సాయంత్రం నాలుగున్నరకు. బుద్వేల్ దాటాక బాపుకు చెప్పేశాను. కాగితం తిరగబడటం నర్సింలు పని. చూసి కూడా సరిగ్గా ఉందన్నది నేను. బాపు నా వైపు తిరిగాడు.

"పున్నమి లోపట నర్సింలు చెయ్యి కొట్టి మళ్ల పెడ్తడు, భుజం చెక్కుతడు. గా ఫికర్ లేదు. కని రేపు అందరి ముంగట నువ్వే చెప్పాలె. నేన్ చెప్తే లొల్లైతది. నువ్ చెప్తే పనైతది."

చెప్తానన్నాను. పుస్తకాలు చదివినవాడినని కాలనీలో నాకున్న కాస్త పేరు రేపటితో ఏమవుతుందో తెలియదు. కాని పన్నెండు రోజుల తర్వాత ఆ పదిహేను ఇళ్ల వాళ్లూ వచ్చి చేతులు జోడించేది నా పేరుకు కాదు కదా.

షాద్‌నగర్ దగ్గరపడుతుండగా బండి నెమ్మదించింది. బాపు లేచి తలుపు దగ్గరికి వెళ్లాడు. ఆయన ఇరవై ఏళ్లు పనిచేసిన గేటు వస్తోంది. పచ్చజెండా పట్టుకుని నిలబడిన కొత్త గేట్‌మన్ ఆయన్ను గుర్తుపట్టి నవ్వాడు. బాపు ఎడమచేత్తో తలుపు కడ్డీ పట్టుకుని కుడిచెయ్యి ఎత్తాడు. నేను ఆయన పక్కకు వెళ్లి నిలబడి, మోచెయ్యి ఎంత వంగిందో చూసిపెట్టుకున్నాను.