లెక్కలోకి రాని లడ్డూ

తిరుపతిలో సొంతిల్లు ఉన్నవాళ్లకు చుట్టాలు లేరనే బాధ ఉండదు. పెళ్లిళ్లలో పక్కన కూర్చుని కూడా గుర్తుపట్టని వాళ్లు, దర్శనం టికెట్టు దొరికిన సాయంత్రానికల్లా మన అడ్రసు గుర్తు తెచ్చుకుంటారు. కొండెక్కే ముందు మా ఇంట్లో స్నానం, దిగొచ్చాక మా ఇంట్లో భోజనం. ఊరికే పోతే బాగుండదని పోతూ పోతూ ఒక లడ్డూ ఫ్రిజ్ మీద పెట్టి పోతారు. లడ్డూ అంటే మిఠాయి కొట్లో దొరికే నిమ్మకాయంతది కాదు, కొండ లడ్డూ. పట్టుకుంటే పిడికిలి మూసుకోదు.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను బరువు తగ్గిన వైభవమూ మళ్లీ పెరిగిన వైభవమూ ఆ ఫ్రిజ్ చుట్టూనే జరిగాయి.

నా ఉద్యోగం చిత్తూరులో. రోజూ బస్సులో పోయి రావడం, కుర్చీలో కూర్చోవడం తప్ప ఒంటికి వేరే పని లేదు. పోయిన ఏడు రక్తపరీక్ష చేయిస్తే షుగర్ బోర్డరులో ఉందన్నారు. "గోడ మీద కూర్చున్నారమ్మా. బరువు తగ్గితే ఇటు దిగుతారు, పెరిగితే అటు పడతారు" అన్నాడు డాక్టరు. అటు పడితే ఏమవుతుందో ఆయన చెప్పక్కరలేదు. మా నాయనను చూసింది కూడా ఆయనే. మొదట మాత్రలు, తర్వాత ఇంజెక్షన్లు, తర్వాత కాలి బొటనవేలు, తర్వాత పాదం, చివరికి మనిషే. ఆ కుర్చీలో కూర్చుని నా చెప్పుల్లోని వేళ్లను చూసుకున్నాను. నిజంగా భయమేసింది.

మా అమ్మాయి నా ఫోనులో కాలరీలు లెక్కపెట్టే యాప్ ఒకటి వేసింది. కాలరీ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. తిన్నదాంట్లో ఒళ్లు ఖర్చు పెట్టుకోగా మిగిలింది నడుం చుట్టూ చేరుతుంది, అంతే. తినేదానికన్నా ఖర్చు ఎక్కువైతే ఆ దాచిందే కరుగుతుంది. ఇంత చిన్న సంగతి తెలియక నేను ఇన్నేళ్లూ నిమ్మరసం, తేనె, మెంతుల నీళ్లు అంటూ తాగినవన్నీ తాగాను, పైన మళ్లీ మామూలుగా తిన్నాను కూడా.

యాప్ మహా గొప్పది. విదేశాల ఆకులూ గింజలూ అన్నీ తెలుసు దానికి, రాగి సంగటి మాత్రం తెలియదు. దాని కోసం సంగటి ముద్దను తూచిన మొదటి మనిషిని మా వంశంలో నేనే. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి "బంగారం తూస్తా ఉండావా ఏంది?" అన్నాడు. తూస్తుంటేనే కొన్ని నిజాలు బయటపడ్డాయి. దోసె చుట్టూ పోసే నూనె పెనానికని అనుకునేదాన్ని, నాకేనట. గిన్నెలో మిగిలిన పప్పన్నం పారేయలేక తినేదీ తిండేనట. దారిలో పూతలపట్టులో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి కొనుక్కునే ఉడకబెట్టిన చెనక్కాయలు కాలక్షేపం కాదట.

అన్నీ తగ్గించాను. పిల్లలకు పరీక్షల కాలం, చుట్టాల రాక లేదు. బరువు దిగింది, చీరలకు కొత్త జాకెట్లు కుట్టించుకున్నాను. జనం సంతోషిస్తారనుకున్నాను. "ఏం మే, షుగరా?" అని బస్సులో ఒకావిడ, "ఇంట్లో ఏమన్నా గొడవలా?" అని ఆఫీసులో ఇంకొకావిడ. పక్కింటామె నన్ను చూసిన చూపుకు, ఎముకలు తేలాయి, విరిగిన ఎముకలు అతికించే పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకో అంటుందేమోనని తప్పించుకు తిరిగాను.

వేసవి సెలవులొచ్చాయి. వాటితో చుట్టాలొచ్చారు. నేను మాత్రం లెక్క తప్పలేదు. ఒక ఇడ్లీ, సగం సంగటి ముద్ద, మజ్జిగ, అన్నీ ఫోనులో ఎక్కిస్తూనే ఉన్నాను. అయినా బరువు పెరిగింది. బరువు చూసే మిషనులో బ్యాటరీ మార్చాను. "బండ ఎత్తుపల్లంగా ఉండాదేమో, వంటింట్లో పెట్టి సూడు" అన్నాడు మా ఆయన. వంటింట్లోనూ పెరిగింది, వరండాలోనూ పెరిగింది. ఇక యాప్‌ను తిట్టాను, థైరాయిడ్‌ను అనుమానించాను, వయసు మీదికి తోశాను. రాత్రి ఇడ్లీని సగం చేశాను. కొత్త జాకెట్లు బిగిశాయి.

మళ్లీ డాక్టరు దగ్గరికి పోయాను.

"రాత్రి అన్నం?"

"మానేశాను సార్."

"కాఫీలో చక్కెర?"

"లేదు సార్."

"స్వీట్లు?"

"అస్సలు ముట్టను సార్."

ఆ మాట నోటి నుంచి బయటికి రాగానే అది నాది కాదని తెలిసిపోయింది. అదే గదిలో, అదే కుర్చీలో కూర్చుని మా నాయన "తీపి ముట్టను సామీ" అనేవాడు. వెనక మందుల సంచి పట్టుకుని నిలబడి, అవును సార్ అని నేను తలూపేదాన్ని. ఆ పొద్దున్నే ఆయన సగం లడ్డూ కళ్లకు అద్దుకుని తినుంటాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మా ఇళ్లలో దాని పేరు తీపి కాదు, ప్రసాదం. వద్దంటే పాపం, పొడి కింద రాలితే పాపం, పాడవనిస్తే మహాపాపం. అంత పాపం ఊళ్లో ఇంకెవరూ మోయలేరన్నట్టు, ఫ్రిజ్ మీద మిగిలిందంతా రోజూ నేనే తిన్నాను. ఒక్కసారైనా ఫోనులో ఎక్కించాలని తోచలేదు.

"సార్, ప్రసాదం కూడానా?" అని అడిగాను.

ఆయన కలం కింద పెట్టాడు. "ఎప్పుడెప్పుడు తింటారు?"

"చుట్టాలొచ్చినప్పుడు."

"చుట్టాలు ఎప్పుడొస్తారు?"

"రోజూ సార్."

ఇంటికొచ్చి యాప్‌లో వెతికాను. సంగటి తెలియని ఆ యాప్‌కు మా లడ్డూ పేరుతో సహా తెలుసు. దాని లెక్క నా రాత్రి తిండిని మింగేసి పొద్దుటి ఇడ్లీల మీద కూడా చెయ్యి వేసింది. పైగా ఒళ్లు తగ్గితే దాని ఖర్చూ తగ్గుతుందట. అంటే బరువు తగ్గాక మునుపటిలా తినే హక్కు తిరిగి రాదు, ఉన్నన్నాళ్లూ ఆ తక్కువతోనే సరిపెట్టుకోవాలి. ఇంత అన్యాయం ముందే చెప్పుంటే నేను మొదలుపెట్టేదాన్నే కాదు.

ఆ ఆదివారం మా మేనత్త కొండ దిగి వచ్చింది. మా నాయన చెల్లెలు. గుండుకు చందనం, చేతిలో సంచి. భోజనమయ్యాక లడ్డూ తీసి నా చేతిలో పెట్టింది.

"తిను పాపా. ఎట్ల సిక్కిపోయినావో సూడు."

ఒక పలుకు తుంచి కళ్లకు అద్దుకుని నోట్లో వేసుకున్నాను. మిగతాది కవరులో చుట్టి ఆమె సంచిలోనే పెట్టాను.

"ఏందే ఇది? దేవుని ప్రసాదం వద్దంటావా? మీ నాయన పొడి గూడా మిగల్చకుండా తింటా ఉండెనే!"

"అవునత్తా. నా వంతు కూడా ఆయనే తినేసి పోయినాడు."

వెటకారంగానే అన్నాను. అత్త నవ్వలేదు. ఆయన పాదానికి కట్టు కట్టి మంచం మీద పడుకోబెట్టినప్పుడు లడ్డూ చిదిమి నోట్లో పెట్టింది ఆమే. నీళ్ల గ్లాసు పట్టుకుని పక్కన నిలబడింది నేను.

అత్త సంచి విప్పి, కవరు తీసి, ఎండుద్రాక్షంత తుంచింది.

"ఇంత సాలా?"

"సాలత్తా."

దాన్ని కళ్లకు అద్దుకుని తిని, కవరు మూతి ముడివేసింది. దాన్ని ఒళ్లో పెట్టుకుంది.

"నాకూ ఉండాది పాపా షుగరు" అంది. "డాక్టరు కాడ తీపి ముట్టనని సెప్తా ఉండాను."