లేజర్ టేపు కొన్న సంగతి

ఇళ్లు శుభ్రం చేసే పని మొదలుపెట్టిన కొత్తలో నేను గదుల్ని అంగలేసి కొలిచేదాన్ని. గోడకు మడమ ఆనించి బయలుదేరి, అవతలి గోడ దాకా ఎన్ని అంగలు పడ్డాయో లెక్కపెట్టేదాన్ని. ఒక్కో అంగ రెండున్నర అడుగులని నా నమ్మకం. ఆ లెక్కతోనే రేటు చెప్పేదాన్ని. నాతో పాటు పనిచేసేది నా తోడికోడలు. ఇద్దరం ఇస్నాపూర్‌లో పక్కపక్క గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. కొత్త ఇళ్లలో జనం దిగే ముందు నేల మీద సిమెంటు, కిటికీల మీద పెయింటు మరకలు గీకి, కడిగి ఇవ్వడం మా పని.

పోతిరెడ్డిపల్లిలో రిటైరైన లెక్కల మాస్టారొకాయన ఇల్లు కట్టుకున్నాడు. రేటు చెప్పగానే కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఏ లెక్కన చెప్పినవమ్మా?"

"అంగలేసి కొలిచిన సార్."

"ఏదీ, హాలు మల్లొక్కసారి కొలువు. నేను సూస్త."

అంతకుముందు తొమ్మిది అంగలొచ్చిన హాలు, ఆయన చూస్తుండగా ఎనిమిదిన్నరే వచ్చింది. ఆయన చూస్తున్నాడని అంగలు కొంచెం పెద్దగా పడ్డాయేమో! తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం నవ్వలేదు.

"పని నీకే ఇస్త. గని టేపు పెట్టి కొలిచి చెప్పు. నేను అడిగినట్టే రేపు ఇంకొకరు అడుగుతరు."

ఆ వారమే ఇనుప టేపు కొన్నాను. ఖాళీ ఇళ్లలో బాగానే పనికొచ్చింది. జనం కాపురం ఉంటున్న ఇళ్లలోనే తిప్పలు. సోఫాలు, మంచాలు, బీరువాలు. నేను ఒక కొస పట్టుకుంటే నా తోడికోడలు రెండో కొసతో మంచం కింద పాకేది. వెలిమెలలో ఒక ఫ్లాటులో ఆమె చేతిలోంచి కొస జారింది. టేపు సర్రున వెనక్కొచ్చి నా వేలు కోసింది. తెల్లటి టైల్స్ మీద రక్తపు చుక్కలు పడ్డాయి. ఆ ఇంటావిడ పరుగున దూది తెచ్చింది. శుభ్రం చేయడానికి వెళ్లిన మేము వాళ్ల ఇల్లు ఖరాబు చేసి కూర్చున్నాం.

"అక్కా, గిది మనతోని కాదు. ఇంకోటేమన్న సూడు," అంది నా తోడికోడలు, నా వేలికి గుడ్డ కడుతూ.

ఫోన్‌తోనే కొలవొచ్చని ఆ ఇంటావిడే చెప్పింది. డబ్బు పెట్టే పని లేదు కదా అని అదీ చూశాం. ఒకే బెడ్‌రూమ్ మొదటిసారి పదకొండు అడుగులంది, రెండోసారి పన్నెండున్నర. దాని కన్నా నా అంగలే నయం.

ఇక పటాన్‌చెరులో హార్డ్‌వేర్ షాపుకు వెళ్లాం. షాపాయన ముందు చక్రం ఉన్న కర్రొకటి తెచ్చాడు. తోసుకుంటూ పోతే దూరం చూపిస్తుంది. ప్లాట్లు కొలిచేవాళ్లకది. సామాను నిండిన గదిలో దాన్ని తిప్పే చోటెక్కడ? తర్వాత అరచేతిలో పట్టే లేజర్ టేపులు మూడు బయటపెట్టాడు. మీట నొక్కితే ఎదుటి గోడ మీద ఎర్రచుక్క పడుతుంది, దూరం అంకెల్లో కనిపిస్తుంది.

"గిది తీస్కోండ్రి. వంద మీటర్లు కొలుస్తది."

"నేను కొలిచేది ఇండ్లన్నా, రోడ్లు కాదు. అడుగుల్ల సూపియ్యాలె. అంకెలు పెద్దగ కనిపియ్యాలె. పొడుగు, వెడల్పు కొడితే చదరపు అడుగులు అదే చెప్పాలె."

మూడింట్లో రెండే అలా చెప్పేవి. ఆ రెండింటినీ అక్కడే పరీక్ష పెట్టాను. మా ఇనుప టేపుతో షాపు గోడ నుంచి గోడకు కొలిచి, లేజర్‌తో సరిచూశాను. ఒకటి అంగుళం తేడాతో వచ్చింది. రెండోది సరిగ్గా కలిసింది. ఆ రెండోదాన్ని అద్దాల తలుపు వైపు తిప్పి నొక్కితే, ఇంత చిన్న షాపుకు నలభై అడుగులని చూపించింది. చూస్తే ఎర్రచుక్క అద్దం దాటి రోడ్డవతల ఆగి ఉన్న ట్రాలీ ఆటో మీద పడుతోంది.

"గిట్ల చేస్తే సరిపోతది," అని నా తోడికోడలు అట్టముక్క ఒకటి తీసి అద్దానికి ఆనించి పట్టుకుంది. కొలత సరిగ్గా వచ్చింది. బయట ఎండలో చుక్క అసలే కనిపించలేదు. బాల్కనీలకు పాత టేపే వాడదామనుకున్నాం.

"ఇంతమంది తీస్కపోయిన్రు గని, మీలెక్క ఎవ్వరు సతాయించలేదమ్మా," అన్నాడు షాపాయన. నాకు ఆ మాట బాగా నచ్చింది. ఆ రెండోదే కొనుక్కున్నాం.

అప్పట్నుంచి రేటు చెప్పేటప్పుడు నా గొంతు తడబడలేదు. కొలత ఇంటివాళ్లకే చూపించేదాన్ని. బేరం ఆడేవాళ్లు ఆడేవాళ్లే, కానీ గది ఎంతన్న దాని మీద పేచీ ఉండేది కాదు.

కొన్ని నెలలకు ఒక మందుల కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. క్యాంటీన్ హాలు రోజూ కడిగే పనికి రేటు చెప్పమని. ఈ పనిలోకి రాకముందు ఏడేళ్లు నేను అదే హాలు తుడిచాను. ఇంకొకామె, నేను. ఇద్దరమే. షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య గంటలో ముగించాలి. ముగియకపోతే సూపర్‌వైజర్ తలుపు దగ్గర నిలబడి, "రెండు వేల అడుగులు గూడ లేదు గీ హాలు. జల్దీ కానియ్యండ్రి," అనేవాడు. నాలో సత్తువ తగ్గిందనుకునేదాన్ని. నడుముకు గుడ్డ బిగించి కట్టుకుని పనికి పోయేదాన్ని.

కొత్తగా వచ్చిన ఆఫీసరు మమ్మల్ని హాల్లోకి తీసుకెళ్లాడు. పక్కన ఆ సూపర్‌వైజరే ఉన్నాడు. జుట్టు నెరిసింది.

"కొలుసుడెందుకు? హాలు నీకు ఎరుకే గదా," అన్నాడు.

"ఎరుకే సార్. అయినా కొలుస్త."

పొడుగు ఎనభై నాలుగు అడుగులు. వెడల్పు నలభై ఆరు. మూడు వేల ఎనిమిది వందల అరవై నాలుగు చదరపు అడుగులు. అంకె చూస్తూ అక్కడే కాసేపు నిలబడ్డాను. అన్నేళ్లూ నేను బద్ధకంగా పనిచేయలేదు. హాలే దాదాపు రెండింతలుంది. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. వీపు మీది బరువేదో దిగినట్టయింది. లేజర్ టేపు ఆఫీసరు చేతికిచ్చాను. ఆయన చూసి సూపర్‌వైజర్ వైపు తిప్పాడు.

"ఎంతమంది కావాలమ్మా?" ఆఫీసరు అడిగాడు.

"నలుగురు సార్. గంట చాలదు, గంటన్నర కావాలె."

"ముగ్గురితో చేయలేరా?"

"నేల కడిగే మిషిను మీరిస్తే ముగ్గురం చేస్తం. లేకుంటే నలుగురం. తక్కువ మందితోని చేస్తమని చెప్పి, రేపు మూలలు వదిలిపెట్టలేను సార్."

రెండు రోజులకు నలుగురికీ, గంటన్నరకూ ఒప్పుకున్నారు. నాతో ఏడేళ్లు అదే హాలు తుడిచినామె అప్పటికి ఇళ్లలో గిన్నెలు తోముతోంది. ముందు ఆమె ఇంటికే వెళ్లి అడిగాను.

"నలుగురా? నిజంగనా?" అంది నమ్మలేనట్టు.

"నిజంగనే. రేపట్నించి రా."

మర్నాడు పొద్దున నాకన్నా ముందే వచ్చి ఆమె గేటు దగ్గర నిలబడింది.