రాతి మీద చెక్కాల్సిన మాట కోసం: బాబాయి నేవీ పతకాలతో మారేడ్‌పల్లికి

సమాధి రాయి మీద అబద్ధం చెక్కిస్తే దేవుడు చదవడా? ఈ ప్రశ్నే తెనాలిలో పాస్టరునైన నన్ను సికింద్రాబాద్‌కు రైలెక్కించింది. మా దేవదానం బాబాయి నేవీలో పనిచేసి, బోయిగూడలో స్థిరపడి, పోయిన ఏడు ప్రభువునందు నిద్రించాడు. ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. ఆలోగా రాయి నిలబెట్టాలి. ‘శౌర్య పతకాలు పొందిన యుద్ధవీరుడు’ అని మాటలు కూర్చింది నేనే. బాబాయి తమ్ముళ్ళు ఫోనులోనే నవ్వారట. ఓడలో గరిటె తిప్పినవాడికి యుద్ధమేమిటి, కూరలో ఉప్పు ఎక్కువై శత్రువులు పారిపోయారా అన్నారట. నాకు ఒళ్ళు మండింది. కానీ సుగుణమ్మ పిన్ని మండిపడలేదు, భయపడింది. ఆయనతో అన్నేళ్ళు కాపురం చేసిన ఆవిడకే ఆ నాలుగు పతకాలు దేనికిచ్చారో తెలియదు. బాబాయి ఎన్నడూ చెప్పలేదు.

శుక్రవారం తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగాను. స్లీపర్ టికెట్ మూడు వందల లోపే. స్టేషన్లో బోయిగూడ వైపు గేటు నుంచి బయటికొస్తే పిన్ని ఇంటికి నడిచి వెళ్ళిపోవచ్చు. ఇడ్లీ తింటుండగానే పిన్ని పతకాలు తెచ్చింది. ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు పెట్టి తోమి మరీ తెచ్చింది. తళతళ మెరుస్తున్నాయి గానీ అంచున ఉన్న అక్షరాలు సగం అరిగిపోయాయి.

వాటిని చదవగలిగినవాడు మారేడ్‌పల్లిలో ఉన్నాడు: నేవీ నుంచి రిటైరైన ఖాదర్ సాబ్. పిన్ని పనిచేసిన స్కూల్లోనే ఆయన భార్య కూడా టీచరట. నేనొక్కణ్ణే వెళ్ళొస్తానంటే పిన్ని వినలేదు, చీర మార్చుకుని ముందే ఆటోలో కూర్చుంది. నూట ఇరవై రూపాయలకు బేరం కుదిరింది. దారి పొడుగునా నేను బైబిల్లోని యెహోషువ యుద్ధం గురించి, యెరికో గోడల గురించి చెబుతూనే ఉన్నాను. మలుపు దగ్గర డ్రైవర్ బండి ఆపి వెనక్కి తిరిగాడు. “అన్నా, గోడలు కూలినయ్, మంచిగనే ఉంది. ఇప్పుడు ఎడమకా, కుడికా? జెర జల్దీ చెప్పు.”

ఖాదర్ సాబ్ కళ్ళద్దాలు పెట్టుకుని, ముందు నన్ను చూసి నవ్వాడు. పతకాలు జేబులో వేసుకుంటే గీతలు పడతాయని నేను వాటిని చొక్కాకు ఎడమవైపు గుచ్చుకుని వెళ్ళాను మరి. “ఏ ఓడల చేసిన్రు పాస్టర్ సాబ్?” అన్నాడు. ఎడమ వైపు సంపాదించినవాడిదనీ, ఇంటివాళ్ళు పెట్టుకుంటే కుడివైపే పెట్టుకోవాలనీ చెప్పి ఆయనే విప్పి తీశాడు. రిబ్బన్ల రంగులు చూస్తూ ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టాడు. ఒకటి తొమ్మిదేళ్ళ నౌకరీకి. ఒకటి స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయినప్పుడు సర్వీసులో ఉన్న అందరికీ ఇచ్చింది. ఇంకొకటి సంగ్రామ్ మెడల్, డెబ్బై ఒకటి యుద్ధంనాడు యూనిఫాంలో ఉన్న అందరికీ ఇచ్చింది. శౌర్యానికిచ్చింది వీటిలో ఒక్కటీ లేదన్నాడు. పిన్ని కొంగు నలుపుతూ నేల చూపులు చూస్తోంది.

ఇక మిగిలింది నక్షత్రం. దాన్ని మాత్రం ఆయన అరచేతిలో పెట్టుకున్నాడు. “ఇది పూర్వీ స్టార్ అమ్మా. ఒడ్డున కూసున్నోనికి ఇది రాదు. తూర్పు దిక్కు లడాయిల ఉన్నోళ్ళకే ఇచ్చిన్రు.”

“వంటవాడికి కూడానా అన్నయ్యగారూ?”

“ఓడ మునిగితే వంటోడు వేరే మునుగుతడా?”

ఆ తర్వాత నెమ్మదిగా చెప్పాడు. బాబాయి ఓడ సంగతి తనకు తెలియదట. తమ ఓడలో మాత్రం పోరు గంట కొట్టగానే వంటవాళ్ళు పొయ్యి ఆర్పేసి, అడుగున మందుగుండు గదిలోకి దిగి, గుండ్లు పైకి అందించేవారట. దిగాక పైన ఇనుప మూత బిగించేస్తారు. ఓడకు దెబ్బ తగిలినా అది తెరుచుకోదు.

పిన్ని తలెత్తింది. “ఆయన స్నానాల గది తలుపుకి కూడా గడియ పెట్టేవాడు కాదు. చుట్టాలొచ్చినప్పుడు సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఎంత తిట్టానో.”

ఖాదర్ సాబ్ లేచాడు. లోపలికెళ్ళి చాయ్ తెచ్చాడు. చాయ్ తాగి, పిన్ని నావైపు తిరిగింది. “అబ్బాయ్, వీరుడని రాయించకు. ఓడలో వంటవాడు అని రాయించు. యుద్ధంలో ఉన్నాడని రాయించు. తమ్ముళ్ళు రెండూ చదవాలి.”

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గొల్యాతును కొట్టిన దావీదు మీద గొంతు చించుకోవడం మా బోధకులకు సులువు. ఆ దావీదే మరోసారి, యుద్ధానికి వెళ్ళినవాడికీ సామాను దగ్గర నిలిచినవాడికీ కొల్లసొమ్ములో వాటా సమానమేనని తీర్పు చెప్పాడు. ఆ తీర్పు మీద ఎవరం గొంతు చించుకుంటున్నాం? మూత బిగిసిన చీకట్లో గుండ్లు అందించిన చేతులు సాయంత్రం మళ్ళీ అన్నం వండి ఉంటాయి. వీరుడనే మాటకు బాబాయి ఎక్కువా తక్కువా అన్న లెక్క నేను మానుకున్నాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి పతకాలుంటే ఒక్క సలహా: ఫొటోలు తీసి ఎవరికో పంపి అర్థం అడగకండి. వాటిని తోమకుండా గుడ్డలో చుట్టి, ఆయనతో కాపురం చేసిన మనిషిని వెంటబెట్టుకుని, తెలిసినవారి దగ్గరికి వెళ్ళండి. వారు చెప్పేది సగమే. మిగతా సగం మీ పక్కన కూర్చున్న మనిషి చెబుతుంది.