గొంతు పంపని మనిషి

ఎల్ లుసెరోలో ఎర్మెలిందా పేరు చెబితే జనానికి ముందు గుర్తొచ్చేది ఆమె ముఖం కాదు, గొంతు. మాది అటకామా ఎడారిలో సురేకారం తవ్వే కంపెనీ ఊరు. ఇళ్ళు కంపెనీవి, బడి కంపెనీది, రొట్టెలు కాల్చే మా నాన్న కూడా కంపెనీ మనిషే. ఫోన్లు ఉన్నది కొద్ది చోట్ల. డాక్టరు కావాలన్నా, మిల్లులో ఉన్న మొగుడికి కబురు పంపాలన్నా ఫోనెత్తి ఎక్స్చేంజిలో కూర్చున్న ఎర్మెలిందాను అడగాల్సిందే. "సెంట్రల్, చెప్పండి" అనేది. అవతలివాళ్ళు రెండో మాట అనకముందే ఎవరో పోల్చేసేది. పెద్ద ఆడవాళ్ళయితే పేరు ముందు గౌరవంగా "డోన్యా" అని చేర్చేది.

"డోన్యా నొల్ఫా, మీ ఆయన ఇప్పుడే గేటు దాటాడట. చారు వేడి చేసుకోండి."

"నేనింకా అడగనే లేదు కదే!"

"అడగబోతున్నారుగా" అని తీగ పీకేసేది.

ఊరికి ఎగువన, నీడన్నది లేని చోట, సోలా అనే చిన్న స్టేషను ఉండేది. అక్కడ ఉన్నది గుమాస్తా ఔదిలియో ఒక్కడే. రోజూ సాయంత్రం సురేకారం నింపుకున్న బండి అక్కణ్ణించి కదలగానే ఆయన ఫోను చేయాలి, ఎర్మెలిందా ఆ కబురు యార్డుకు అందించాలి. పని అంతే. కానీ ఆ ఎడారిలో పనితోనే మాట ఆగిపోతే మనిషి బతకలేడు.

"సెంట్రల్, బండి కదిలింది."

"అందింది సోలా. గాలెలా ఉందక్కడ?"

"నా టోపీ ఎగరగొట్టుకుపోయింది. మీ వైపే వచ్చింది, కనబడితే పట్టుకోండి."

"నల్లదేనా?"

"నల్లదే."

"అయితే వచ్చింది. మా వీధి కుక్క పెట్టుకుని ఊరేగుతోంది."

ఆయనకు తల్తాల్ రేవులో భార్య, కూతురు ఉన్నారు. సెలవు దొరికితే తిన్నగా వాళ్ళ దగ్గరికి దిగిపోయేవాడు. మా ఊరి వైపు ఒక్కసారి కూడా రాలేదు. ఎర్మెలిందా రమ్మనలేదు. ఆయనకు ఆలూ బిడ్డా ఉన్నారని తెలుసు కాబట్టి, సాయంత్రం వచ్చే ఆ నాలుగు మాటలనూ నాలుగు మాటలుగానే ఉంచింది. పెళ్ళి మాత్రం చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు "తీరిక లేదు, లైన్లన్నీ బిజీ" అనేది.

తొంభైల నడుమ గని మూసేశారు. తలుపులు, కిటికీలు కూడా ఊడదీసుకుని జనం నాలుగు దిక్కులా పోయారు. ఎక్స్చేంజిలో చివరి వారం సోలా నుంచి ఫోను వచ్చిందట. "సెంట్రల్, ఇవాళ బండి లేదు. రేపు కూడా ఉండదు" అన్నాడట ఆయన. ఈవిడ "అందింది" అంది. ఇంకేదో అనాలని ఇద్దరూ కాసేపు ఫోను పట్టుకునే ఉన్నారట. ఎవరూ అనలేదు.

ఎర్మెలిందా సముద్రం ఒడ్డున ఉన్న అంతోఫగాస్తా చేరి, గ్యాసు సిలిండర్ల దుకాణంలో ఫోను మీద ఆర్డర్లు తీసుకునే పనిలో కుదిరింది. నేనూ అదే నగరంలో కొండ మీది పేటలో రొట్టెల కొట్టు పెట్టుకున్నాను. ఆవిడ పొద్దున్నే సంచీ పట్టుకుని వచ్చేది. "ఒరేయ్ రెమిహియో, ఈ ఊరి రొట్టెకి సముద్రం వాసన పట్టుకుంటుందిరా. మీ నాన్న రొట్టె విరిస్తే ఫెళ్ళుమనేది" అని సణుగుతూనే కొనుక్కునేది. ఆ పొగమంచులో, ఆ చెమ్మలో, పదేళ్ళు గడిచినా ఆవిడ బట్టలు ఆరేసి నమ్మకంగా లోపలికి పోలేకపోయింది. ఎడారిలో ఇట్టే ఆరిపోయేవి మరి.

రిటైరయ్యాక గ్రంథాలయంలో ఉచితంగా కంప్యూటరు నేర్పిస్తున్నారంటే వెళ్ళింది. నేర్పే పిల్ల పేరు యానెత్. తలా ఒక బ్లాగు మొదలుపెట్టి, తెలిసిందేదో రాయమంది. మిగతా ఆడవాళ్ళు వంటలు రాశారు, ఒకావిడ తన కుట్టుపని గురించి రాసింది. ఎర్మెలిందా రాసింది ఇది: "ఎల్ లుసెరో, స్కూలు వెనక వీధి, మూలనుంచి మూడో ఇల్లు. ముందు మిరియాల్లాంటి ఎర్రటి కాయలు కాసే చెట్టు ఒకటి ఉండేది. అంట్లు తోమిన నీళ్ళతో పెంచారు. ఆ ఇంట్లో ఎవరుండేవారో గుర్తున్నవాళ్ళు చెప్పండి. చెట్టు ఇప్పుడెలా ఉందో తెలిస్తే అది కూడా."

చాలా రోజులు ఎవరూ రాలేదు. తరవాత రంకాగువా నుంచి ఒక వ్యాఖ్య వచ్చింది. "అది మా ఇల్లే. అంట్ల నీళ్ళు కాదు, బట్టలుతికిన నీళ్ళు. సబ్బు నీళ్ళు పోస్తే చచ్చిపోతుందని అందరూ భయపెట్టారు. మా అమ్మ వినలేదు." ఆ రోజు ఎర్మెలిందా కొట్టుకొచ్చి రొట్టె కొనడం మరిచిపోయి, ఆ వ్యాఖ్యను రెండుసార్లు నాకు ఒప్పజెప్పి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి టపాకో ఇల్లు. ఒక్కో ఇంటికీ మనుషులు దొరకసాగారు. ఒకరు వచ్చి ఇద్దరికి చెబితే, ఆ ఇద్దరూ తోడికోడళ్ళనీ బావమరుదుల్నీ లాక్కొచ్చేవారు. రేకు డబ్బాకు తడి గోనె చుట్టి నీళ్ళు చల్లగా ఉంచే పద్ధతి ఒకాయన రాశాడు. ఉప్పునీళ్ళతో పిండి ఎలా కలిపేవారో నేను రాశాను. ఎడారి పట్నం కలామాకు కొత్తగా కాపురానికి వచ్చిన ఒక పిల్ల, ఆ పాడు నేలలో ఏదైనా మొలుస్తుందా అని అడిగితే, రంకాగువా ఆవిడ వాళ్ళమ్మ చెట్టు పెంచిన తీరంతా విడమరిచి చెప్పింది. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల తన గుమ్మంలో మొలిచిన మొక్క ఫోటో పెట్టింది. దానికి వచ్చినన్ని దీవెనలు పెళ్ళికూతురికి కూడా రావు.

తగువులకూ తక్కువ లేదు. సినిమా హాలు తలుపు నీలమని కొకింబోలో ఉంటున్న నొల్ఫా, ఆకుపచ్చని మరో ఆయన. "నీ కళ్ళకి శుక్లాలొచ్చాయేమో చూపించుకో నాయనా" అని ఆవిడ. "డోన్యా, మీరు సినిమా హాలుకొస్తే తలుపు చూసేవారు కాదు, మరెవర్నో చూసేవారు" అని ఆయన. ఎర్మెలిందా మధ్యలో దూరి ఇద్దరి లైన్లూ కోసేసేది. రెండు రోజులాగి మళ్ళీ కలిపేది.

రైళ్ళ సంగతి వచ్చినప్పుడల్లా "పట్టాలవాడు" అనే పేరుతో ఒకాయన రాసేవాడు. ఏ ఇంజను ఏ మలుపు దగ్గర మొరాయించేదో, ఏ వంతెన కింద గద్దలు గూడు కట్టేవో, అన్నీ ఓపిగ్గా చెప్పేవాడు. తన ఊరు, పేరు మాత్రం చెప్పేవాడు కాదు. సోలా స్టేషనులో పనిచేసినవారి కబురు ఎవరికైనా తెలుసా అని ఎర్మెలిందా ఒకసారి అడిగింది. ఎవరికీ తెలియదు. పట్టాలవాడు కూడా "స్టేషను పైకప్పు గాలికి పోయిందని విన్నాను" అని ఊరుకున్నాడు. కొత్త వ్యాఖ్య వస్తే ఆవిడ ముందు మాట చదివేది కాదు, రాసినవాళ్ళ పేరు చూసేది. తరవాతే నెమ్మదిగా పైకి వెళ్ళి చదువుకునేది. ఎవరి పేరు వెతుకుతోందో నాకు తెలుసు.

ఒక శీతాకాలం ఆవిడకు కొత్త ఆలోచన తట్టింది. "నేను మిమ్మల్ని చూసి కాదు, విని ఎరుగుదును. ఒక్కో మాట రికార్డు చేసి పంపండి. ఎవరో నేను చెబుతాను" అని టపా రాసింది. యానెత్ వాటిని బ్లాగులో పెట్టింది. గొంతులు వచ్చి పడ్డాయి. కొందర్ని రెండక్షరాలకే పట్టేసింది. నొల్ఫాది విని "ఈ ముసలమ్మ ఎవరు?" అంది. "నువ్వు పెళ్ళికూతురివి మరి!" అని నొల్ఫా రెచ్చిపోయింది. ఊరంతా నవ్వుకున్న వారమది.

పట్టాలవాడు పంపలేదు. ఎర్మెలిందా ఒకసారి గుర్తు చేసింది, రెండోసారి గుర్తు చేసింది. మూడోసారి అందరి ముందూ "ఇంత రాతకు ఓపికున్న మనిషికి ఒక్క మాట పలకడానికి అంత బద్ధకమా?" అని రాసింది. నొల్ఫా అందుకుని, "గొంతు కాకికి అద్దెకిచ్చి ఉంటాడు" అంది. మరో నలుగురు తలో రాయీ వేశారు. పట్టాలవాడు మాయమైపోయాడు.

తరవాత చాన్నాళ్ళకు, ఒక ఉదయం నేను తట్టలు దించుతుంటే ఎర్మెలిందా వచ్చింది. చేతిలో సంచీ లేదు.

"రెమిహియో, కొట్టు మూసి నాతో రా."

"పొద్దున్నే మూస్తే ఎలా అక్కా?"

"రా అన్నానా!"

గ్రంథాలయంలో తెర ముందు నన్ను కూర్చోబెట్టి, తను వెనక నిలబడింది. అక్కడ పట్టాలవాడి వ్యాఖ్య ఇలా ఉంది:

"డోన్యా ఎర్మెలిందా, పంపడానికి నా దగ్గర గొంతు లేదు. డాక్టర్లు అది తీసుకుని ప్రాణం మిగిల్చారు. మీకు నేను తెలిసింది గొంతుతోనే. అది కూడా లేదంటే ఇంక నన్ను దేనితో గుర్తుపడతారని చెప్పకుండా ఉండిపోయాను. మీ వీధి కుక్క నా టోపీ తిరిగిచ్చిందా? – సోలా నుంచి, ఔదిలియో."

నేను వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ శాలువాను కొంగులా నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"నేను వెక్కిరించానురా. అందరి ముందూ వెక్కిరించాను."

"నీకు తెలియదు కదక్కా."

"తెలియాలిరా! ఆయన నోరెత్తకపోతే ఎందుకెత్తలేదో నాకు తెలియాలి!"

జవాబు రాయడానికి కూర్చుంది. ఏదో పొడుగ్గా రాసి చెరిపేసింది. మళ్ళీ రాసి మళ్ళీ చెరిపింది. చివరికి రెండు మాటలు మిగిలాయి: "అందింది సోలా." మిగతావాళ్ళకు అదేమిటో అర్థం కాలేదు. నొల్ఫా మాత్రం అర్థం చేసుకుందో ఏమో, ఆ రోజు నోరు మెదపలేదు.

నవంబరు మొదట్లో, చనిపోయినవారి రోజున, మేమంతా ఎల్ లుసెరో శ్మశానంలో కలుస్తుంటాం. గాలికి సిలువల మీది పేర్లు అరిగిపోతే ఎవరు ఎక్కడున్నారో బ్లాగులోనే ఒకర్నొకరం అడిగి పోల్చుకున్నాం. ఆ ఏడు బస్సులు దిగినవాళ్ళందరూ బ్లాగు పేర్లు కాగితం మీద రాసి చొక్కాలకు తగిలించుకున్నారు. ఏళ్ళ తరబడి తిట్టుకున్నవాళ్ళు కావలించుకున్నారు. ఔదిలియో కోపియాపో నుంచి కూతురితో వచ్చాడు. పొడుగు మనిషి, మెడకు రుమాలు. ఎర్మెలిందా ఎదురుగా నిలబడి, జేబులోంచి ఫోను తీసి టైపు చేసి చూపించాడు. ఆవిడ కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకుని చదివింది.

"మీరు లావుగా ఉంటారనుకున్నాను."

"నేనూ మిమ్మల్ని పొట్టి అనుకున్నాను. ఫోనులో వినబడే మీ దగ్గు పొట్టివాళ్ళ దగ్గులా ఉండేది" అందావిడ.

ఆయన భుజాలు కదిలాయి. అది నవ్వు అని కూతురు చెప్పింది. శ్మశానం గోడ నీడలో ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. ఆవిడ మాట్లాడడం, ఆయన టైపు చేయడం. భార్య మంచం పట్టిన రోజుల్లో పక్కన కూర్చుని బ్లాగు చదివేవాడట. "నీ సెంట్రల్ ఇవాళ ఏం రాసింది?" అని భార్యే అడిగేదట. ఆమె పోయాకే తన పేరు చెప్పడానికి ఆయనకు మనసొప్పింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఎర్మెలిందా నా పక్కన కూర్చుంది. చాలా దూరం వచ్చాక అంది: "ఇంతసేపూ పక్కనే కూర్చున్నాడురా. అయినా ఆయన ఎప్పుడొస్తాడా అని చూస్తూనే ఉన్నాను."

వాళ్ళు పెళ్ళి చేసుకోలేదు. ఆయన కూతురి దగ్గరే ఉన్నాడు, ఈవిడ ఇక్కడే. ఏడాదికోసారి శ్మశానం దగ్గర కలుస్తారు. ఈలోగా బ్లాగు పలచబడింది. జనం ఫోన్లలో గుంపులు కట్టుకుని అటు పోయారు. ఎర్మెలిందాను కూడా రమ్మన్నారు. "అక్కడ పొద్దున అడిగిన మాట సాయంత్రానికి ఎక్కడికో కొట్టుకుపోతుంది. ఇక్కడైతే ఎవరెప్పుడు వచ్చినా ఇల్లు ఇల్లుగానే ఉంటుంది" అని వెళ్ళలేదు. నొల్ఫా చనిపోయింది. సినిమా హాలు తలుపు నీలమని ఆవిడ చేసిన వాదన అలాగే ఉంది. ఆకుపచ్చ అన్నాయన దాని కింద "సరే, నీలమే" అని రాశాడు. ఔదిలియో మాత్రం ప్రతి టపాకూ వస్తాడు. ఇళ్ళన్నీ అయ్యాక, పోయినేడు, ఎర్మెలిందా సోలా స్టేషను గురించి అడిగితే ఎన్నడూ రాయనంత రాశాడు. బండి వెళ్ళిపోయాక కూడా ఫోను పెట్టేయకుండా చెవి దగ్గర ఉంచుకుని, తీగలో గాలి చేసే చప్పుడు వినేవాడట.

మొన్న కొట్టుకొచ్చినప్పుడు ఎర్మెలిందా రొట్టెలు ఏరుకుంటూ అడిగింది. "నువ్వెప్పుడైనా ఔదిలియో గొంతు విన్నావా?"

"నేనెక్కడ వింటానక్కా."

"వాళ్ళమ్మాయిని అడిగాను. పాత టేపు ఏదైనా ఉందేమోనని. లేదుట." ఒక రొట్టె ఏరి సంచీలో వేసుకుంది. "ఆయన రాసింది చదువుతుంటే చెవిలో ఒక గొంతు వినబడుతుంది. మొదట్లో అది ఆయనదే. ఇప్పుడు నమ్మకంగా చెప్పలేను. నేనే ఒకటి కల్పించుకున్నానేమో. అన్ని గొంతులూ గుర్తున్నాయిరా, మీ నాన్నది, నొల్ఫాది, ఆ తిక్క డాక్టరుది. అదొక్కటే పలచబడిపోతోంది."

ఒక వేడి రొట్టె అదనంగా వేశాను. ఆవిడ దాన్ని వేళ్ళతో నొక్కి చూసింది.

"ఫెళ్ళుమనదు" అంది. "సరే, పోతున్నా. గనిలో మేస్త్రీగా చేసినాయన మనవరాలట, తాతగారి ఇల్లు ఏ వీధిలో అని రాత్రి అడిగింది. ఆ ఇంటి పక్కన ఎవరుండేవారో నీకు గుర్తుందా?"

నాకు గుర్తున్నది చెప్పాను. ఆవిడ తల ఊపి, సంచీ భుజానికి తగిలించుకుని గ్రంథాలయం వైపు వీధి దిగింది.