మూడు వేళ్ళ పదును

ఈ మధ్యాహ్నం రాప్తాడు దగ్గర హైవే పక్కన బస్సు కోసం నిలబడి ఉంటే వాన పట్టుకుంది. అందరం టీకొట్టు రేకుల కిందికి దూరినాం. కొత్త చీర తడిసిన ఒకామె, మోటారుసైకిలు మొరాయించిన ఒకాయన, ఎర్ర ఉల్లిగడ్డల మూట సగం బయటే ఉండిపోయిన ఒక రైతు. ఎవరి ముఖంలోనూ విసుగు లేదు. "పడనీ అన్నా, ఇంగో గంట పడితే సాలు," అన్నాడు మూటాయన, తన సరుకు తడుస్తా ఉండగానే. రేకుల మీద చప్పుడు వింటూ అందరం ఊరికే నవ్వుకుంటా నిలబడినాం. సరిగ్గా ఈ నవ్వుతోనే ఒకప్పుడు పరాయి దేశంలో నన్ను అన్నానికి పిలిచే ఒకే ఒక ఇంటిని పోగొట్టుకోబోయినాను.

అప్పుడు నేను తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. మా ఓనరు స్పెయిన్ నుంచి కొత్త కోత మిషన్ తెప్పించుకోవాలనుకుని, దాన్ని నడపడం నేర్చుకు రమ్మని ఏడాదిపాటు నన్ను ఆ దేశం పంపినాడు. చుట్టూ కొండలన్నీ పాలరాయే అయిన చిన్న ఊరు. మిషన్ దగ్గర నాకు భాషతో పని పడలేదు. చెడిపోయిన మిషన్ ఏ దేశంలోనైనా ఒకే మాదిరి మూలుగుతుంది. ఇబ్బందంతా పని అయిపోయినాకే. సాయంత్రం తోటి పనోళ్ళు బారుకి పిలుచుకుపోయేవాళ్ళు. వాళ్ళకి వైను, నాకు నారింజ రసం, అందరికీ నడుమ గిన్నెలో వేయించిన చెనక్కాయలు. ఆ బారులో నాకు ముందునుంచీ పరిచయమున్న ముఖాలు ఆ చెనక్కాయలవే. నలుగురూ ఒకేసారి మాట్లాడేవాళ్ళు. స్పానిష్ నేర్పుతానని నా ఫోన్‌లోకి చేరిన యాప్‌కి నా మీద ఏం కోపమో, "మా మామ గుర్రం వంటింట్లో లేదు" లాంటి వాక్యాలే నేర్పింది. దాన్ని వాడదామని చాలా కాలం కాచుకున్నాను. ఎవరూ గుర్రం సంగతి అడగలేదు. అందరూ నవ్వినాక ఒక క్షణం ఆలస్యంగా నేనూ నవ్వేవాణ్ణి. స్పానిష్ నాకు రాలేదని అనను. వచ్చేది, వచ్చినట్టే వచ్చి పోయేది. నోట్లో నాలుక లేని మనిషినని మా ఇంటామె పెళ్ళైన కొత్తలోనే తేల్చింది. ఆ మాట రుజువు చేయడానికి నేను సముద్రాలు దాటాల్సి వచ్చింది.

నేనుండేది ఒక ముసలామె ఇంట్లో, మిద్దె మీది గదిలో. మా అమ్మ వయసుంటుంది. ఆదివారం అన్నం వేళకి ఆమె కింద నుంచి చీపురు కర్రతో పైకప్పుని, అంటే నా కాళ్ళ కింది నేలని, పొడిచేది. దిగి రమ్మని. వారమంతా నేను ఎదురుచూసే పిలుపు అదే, అర్థం వెతుక్కోనక్కర్లేని మాటా అదే. మొదటి ఆదివారం ఆమె పళ్ళెంలో మాంసం వడ్డిస్తే నాకొచ్చిన రెండు ముక్కలు చెప్పినాను: "పంది, వద్దు." మేము ముస్లింలమని చెప్పేంత భాష అప్పటికి లేదు. నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. మరుసటి వారం నుంచి నా కోసం వేరే గిన్నెలో శనగలు ఉడికేవి. నన్ను తన అన్న పక్కన కూచోబెట్టేది. ఆయన ఊరి బయట ఎర్రనేలలో బాదం చెట్లు పెంచే రైతు. మాట తక్కువ. అందుకే నాకు ఆయనతో బాగా కుదిరింది.

ఆ జూన్‌లో ఆమె మనవరాలి పెళ్ళి. విందు పెద్దాయన బాదం తోటలో, ఆరుబయట. "నువ్వు మా బల్ల దగ్గరే కూచోవాల," అని ఆమె నాకోసం ఒక్కో మాటా తుంచి తుంచి చెప్పింది. శుభాకాంక్షలు చెప్పడానికి 'ఫెలిసిదాదెస్' అనాలట. మిషన్ నడిచినంతసేపూ దాన్నే గొణుక్కున్నాను. పెళ్ళిరోజు పొద్దున్నే శింగనమల పక్కన మా ఊరికి ఫోన్ చేసినాను. మా ఇంట్లో యోగక్షేమాల కంటే ముందు అడిగే మాట ఒకటుంది.

"వానొచ్చిందా నాయనా?"

"యాడప్పా. మోడమైతే పట్టినాది, చినుకు లేదు. ఇత్తనాలు ఒలిచి పెట్టుకోనుండా. ఆడుండాదా?"

"ఈడా లేదు నాయనా."

తోటలో బల్లల మీద తెల్లగుడ్డలు పరిచి, పళ్ళేలు సర్ది, అందరూ కూచున్నాక కొండ వెనక నుంచి నల్లగా మోడం లేచింది. మొదటి చినుకులు దుమ్ములో పడి ఆ వాసన లేచేసరికి, నేను ఏ దేశంలో ఉన్నానో నా ఒంటికి గుర్తులేదు. లేచి, చేతులు చాపి, ముఖం పైకెత్తి నవ్వినాను. మా దిక్కు పెళ్ళిలో వాన పడితే వంటోడు తిట్టుకుంటాడేమో గానీ, చుట్టాలు మాత్రం "పిల్ల కాలు మంచిదప్పా" అని పెళ్ళివాళ్ళ చెయ్యి పట్టుకుంటారు. నేనూ అదే పని చేసినాను. బల్ల ఎత్తుకుని పరుగెత్తుతున్న పెళ్ళికూతురి తండ్రిని ఆపి, చెయ్యి ఊపి, ఫెలిసిదాదెస్ అన్నాను. చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడిన పెళ్ళికూతురికీ చెప్పినాను. ఆ ఏడాది నేను తప్పు లేకుండా పలికిన మాట అదొక్కటే. ఆ పిల్ల కాటుక చెంపల మీదికి కారుతా ఉంది. నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ముసలామె ఏదో అరిచింది. అందులో నాకు రెండే ముక్కలు అందినాయి. ఒకటి నువ్వు, రెండోది నవ్వు.

అందరూ ట్రాక్టర్ షెడ్డులోకి దూరినారు. నా బెంచీ మీద చోటున్నా ఎవరూ కూచోలేదు. సంగతి చెప్పుకోవాలంటే కరువు అనే మాట రావాల, ఎండిన బోరు రావాల, ఒలిచిన విత్తనాలు ముందు పెట్టుకుని ఆకాశం చూసే మా నాయన రావాల. నా దగ్గరుండేది వంటింట్లో లేని గుర్రం. ఇంక ఆదివారం చీపురు కర్ర మోగదనుకున్నాను.

వాన సన్నబడినాక ఆడ కూచోలేక బయటికి పోయి, ఒక బాదం చెట్టు పక్కన పుల్లతో నేల తవ్వినాను. ఆలోచించి చేసింది కాదు. వాన వెలిస్తే మా దిక్కు ప్రతివాడూ చేసే పనే: తడి ఆగి పొడిమట్టి తగిలేదాకా తవ్వి, వేళ్ళు అడ్డం పెట్టి, పదును ఎంత లోతుకి దిగిందో చూసుకుంటాం. వెనక అడుగుల చప్పుడైంది. పెద్దాయన. పెళ్ళికి వేసుకున్న నల్లకోటుతోనే మోకాళ్ళ మీద కూచుని, నేను తవ్విన గుంతలో తన చెయ్యి పెట్టినాడు. మూడు వేళ్ళు. షెడ్డు వైపు ఒకసారి తిరిగి, ఎవరూ చూడటం లేదని ఖాయం చేసుకుని, అప్పుడు నవ్వినాడు. అంతసేపూ ఆ నవ్వుని యాడ దాచిపెట్టుకున్నాడో.

"మీ నాయన... భూమి?" అన్నాడు.

"నాయన, భూమి," అన్నాను. "నీళ్ళు లేవు."

ఆయన నా భుజం ఊతంగా లేచి, షెడ్డులోకి పోయి, ఆ ఏడాదంతా మాట్లాడనంత మాట్లాడినాడు. మట్టి చెయ్యి ఎత్తి మూడు వేళ్ళు చూపించినాడు. కాసేపటికి ముసలామె బల్లగుడ్డ ఒకటి తెచ్చి, కోపం ఇంకా కొంచెం మిగిలినట్టే, నా తల గట్టిగా తుడిచింది. శనగల గిన్నె ఒళ్ళో పెట్టి "తిను" అంది. పెళ్ళికూతురు మాత్రం నా వైపు తిరగలేదు.

తర్వాతి ఆదివారం పొద్దున్నుంచే తయారై మంచం మీద కూచుని, నేల వైపే చూస్తా ఉన్నాను. అన్నం వేళ దాటిపోయింది. ఆశ వదులుకుని చొక్కా విప్పబోతుండగా కింద కర్ర మోగింది. దిగిపోతే ఆమె పొయ్యి వైపు చెయ్యి చూపించింది. శనగలు ఉడకలేదట.

ఇప్పుడు పెద్దాయన లేడు. బాదం తోట ఆ పెళ్ళికూతురే చూసుకుంటుంది. తోట తన చేతికొచ్చినప్పటినుంచీ, ఆడ వాన పడినప్పుడల్లా నాకొక ఫోటో పంపుతుంది: తవ్విన గుంత, అందులో అడ్డం పెట్టిన ఆమె వేళ్ళు. మాటలుండవు, నా స్పానిష్ మీద ఆమెకి ఇంకా నమ్మకం కుదరలేదు. ఈరోజు వాన వెలిసినాక నేనూ రేకుల కింద నుంచి బయటికొచ్చి, రోడ్డు పక్కన పుల్లతో తవ్వి, నాలుగు వేళ్ళు పెట్టి ఫోటో తీసినాను. మూటాయన వంగి చూసి, "ఎవురికన్నా?" అన్నాడు.

"పెళ్ళికూతురికి," అన్నాను.

ఆ పెళ్ళికూతురి పిల్లలు ఇప్పుడు బడికి పోతాండారు. ఏండ్లు గడిచిపోయినాయని మనం అంటాం గానీ, అవి పోయింది నేలలోకే, వేలు పెట్టి చూస్తే ఇంకా తడిగానే తగులుతాయి.